వుడ్ బ్యాడ్జ్‌కు తోలు తాడు బదులు నూలు తాడు కట్టవచ్చునా?

జయనగర్_మాస్టారు:
స్కౌట్ నాయకుల శిక్షణ పూర్తిచేసినవారికి మెడలో వేసే వుడ్ బ్యాడ్జ్ అంటే తోలు తాడుకు గుచ్చిన రెండు చెక్క పూసలని అందరికీ తెలిసినదే. బెంగళూరులో మాతో శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయిని, తోలు ధరించడం తమ ఇంటి ఆచారానికి విరుద్ధమని చెప్పి నూలు తాడు అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చునా? పెద్దలు చెప్పగలరు.

యశవంతపుర_పాతకాపు:
కూడదనే నా అభిప్రాయం. 1919లో ఇంగ్లండులోని శిక్షణ కేంద్రమైన గిల్వెల్ పార్కులో తొలి శిక్షణ పొందినవారికి స్కౌటింగు స్థాపకుడు బేడెన్ పావెల్ ఇచ్చిన పూసలు దక్షిణాఫ్రికాలోని జులూ జాతి రాజు దినుజులుదిగా చెప్పే హారంలోనివి. తోలు తాడేమో దక్షిణాఫ్రికాలోనే బోయర్ యుద్ధంలో జరిగిన మాఫెకింగ్ ముట్టడి నాటి కష్టకాలంలో ఒక ఆఫ్రికన్ వృద్ధుడు ఆయనకు మేలు కలగాలని ఇచ్చినదంటారు. చెక్క రాజుగారిదైతే తోలు సామాన్యుడిది. ఈ రెండూ ఒకచోట చేరడమే ఆ చిహ్నానికి ప్రాణం. ఈరోజు తాడు మారిస్తే రేపు ప్లాస్టిక్ పూసలు అడుగుతారు.

అడయార్_స్కౌటర్:
పాతకాపు గారూ, సామాన్యుడి తోలు అన్న మాట బాగుంది, కానీ రాజుగారి చెక్క అన్న మాటను కొంచెం ఆగి చూడాలి. ఆ హారం 1888 నాటి జులూలాండ్ దండయాత్రలో బేడెన్ పావెల్ చేతికి వచ్చింది. ఎలా వచ్చిందన్నదానిపై కథనాలు ఒకే తీరున లేవు, అడిగి తీసుకున్నది మాత్రం కాదు. పైగా అసలు పూసలు అందరికీ చాలవని తెలిసిన వెంటనే అసలుది ఒకటి, కొత్తగా చెక్కినది ఒకటి కలిపి ఇచ్చారు, ఆపైన అన్నీ కొత్తవే. మన మెడలోని పూసను చేతిలోకి తీసుకుంటే, సన్నబడిన కొసలు, వాటి మీది నల్లని మరక కనిపిస్తాయి; అది ఆ హారం రూపమే తప్ప ఆ హారపు చెక్క కాదు. చెక్కకు నకలు చెల్లినప్పుడు తాడుకు ఎందుకు చెల్లదు? మద్రాసులో అనీబిసెంట్ నడిపిన స్కౌట్ సంఘంలో పిల్లలు టోపీ బదులు తలపాగా చుట్టుకున్నారు, అందువల్ల వారి స్కౌటింగు ఏమీ తరగలేదు. గిల్వెల్ స్థలం కొనడానికి డబ్బిచ్చిన మెక్లారెన్ గారి స్కాటిష్ వంశపు గళ్ల గుడ్డ ముక్కను స్కార్ఫ్ మీద కుట్టుకుని చెన్నై ఎండలో తిరుగుతున్న మనం, నూలు తాడు దగ్గర మాత్రం పరాయితనం చూడటం నాకు వింతగా ఉంది.

యశవంతపుర_పాతకాపు:
తలపాగా యూనిఫారం, ఇది చిహ్నం. రెండింటినీ ఒకే గాటన కట్టలేము. అయినా నకలు పూసల సంగతికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఉపాధ్యాయిని తనంతట తాను తాడు మార్చుకోకుండా రాష్ట్ర కార్యాలయానికి రాసి అనుమతి తీసుకుంటే నేను అడ్డుచెప్పను, నైలాన్ కాకుండా నూలే అయితే.