ఆర్ట్ జర్నల్‌లో రంగులన్నీ బురదైపోతన్నాయి, కృతజ్ఞత పేజీలో రోజూ అవే మాటలు... ఏటి చెయ్యాలి?

రాజాం అమ్మాయి

అందరికీ నమస్తే. సచివాలయంలో డ్యూటీ అయ్యాక రాత్రి ఓ అరగంట ఆర్ట్ జర్నల్ వేస్తన్నాను. వీడియోల్లో చూపించినట్టే, ఒకపక్క రంగులు, ఇంకోపక్క ఈరోజు దేనికి కృతజ్ఞతగా ఉన్నానో రాయడం. రెండూ కుదరట్లేదు. శ్రీకాకుళంలో నాగావళి బ్రిడ్జి మీంచి చూసిన సాయంత్రం ఆకాశం వేద్దామని ఆరెంజ్ వేసి పైన నీలం దింపితే రెండూ కలిసిన చోట బూడిదో గోధుమో తెలీని రంగు వచ్చేస్తంది, పసుపు నీలం కలిపి ఆకుపచ్చ చేస్తే అదీ చచ్చుగానే ఉంటాది. రాతకొస్తే "అమ్మానాన్న, ఆరోగ్యం, ఉద్యోగం", మళ్ళీ మర్నాడు అదే, అటెండెన్స్ రిజిస్టర్లో సంతకం పెడతన్నట్టుంది నాకైతే. ఇంకో డౌటు, పసుపంటే సంతోషం నీలమంటే దిగులు అని ఒక చార్టు పెట్టి దాన్ని బట్టే రంగు ఎంచుకోమంటన్నారు, అది పాటించాలా? నా దగ్గరున్నది 12 ట్యూబుల స్టూడెంట్ వాటర్ కలర్ పెట్టె, మామూలు లాంగ్ నోట్‌బుక్.

బొబ్బిలి నుంచి

ఆ నోట్‌బుక్ రాసుకోడానికి ఉంచుకో, రంగులకి వద్దు. నీళ్ళు తగిలితే కాగితం అప్పడంలా ముడుచుకుపోద్ది, రంగు గుంటల్లోకి పారుద్ది. రెడీమేడ్ వాటర్ కలర్ బుక్ కొంటే డబ్బులెక్కువ. 300 జిఎస్ఎం (కాగితం మందం కొలత, ఇది బాగా మందం) వాటర్ కలర్ షీటు, 22 బై 30 అంగుళాలది ఒకటి తెచ్చి 8 ముక్కలు కోస్తే ఒక్కోటి 11 బై ఏడున్నర వస్తాది, దాన్ని మధ్యకి మడిచి కుట్టేస్తే 32 పేజీల పుస్తకం. కుట్టడం రాకపోతే పుస్తకాలు బైండింగ్ చేసే వాళ్ళకిస్తే చేసిస్తారు.

డ్రాయింగ్ మాస్టారు, శ్రీకాకుళం

కాగితం సంగతి ఆయన చెప్పేశారు కాబట్టి రంగుల దగ్గరికొస్తాను. అమ్మా, నీ చేతిలో లోపం ఏం లేదు, ఆరెంజూ నీలమూ కలర్ వీల్‌లో, అంటే రంగులన్నీ వరసగా గుండ్రంగా పేర్చిన చక్రంలో, ఎదురెదురుగా ఉండే రంగులు, ఎదురెదురు రంగులు తడిమీద కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, ఎవరు కలిపినా అంతే. ఆకాశానికి ఓ దారి చెప్తాను. ఆరెంజ్ నుంచి ఒక్కసారి నీలంలోకి దూకొద్దు, ఆరెంజ్ తర్వాత పల్చటి క్రిమ్సన్ గులాబీ, దాని మీద ఊదా, అప్పుడు అల్ట్రామెరైన్ నీలం. క్రిమ్సన్, అల్ట్రామెరైన్ కలిస్తే ఊదా వస్తాది కదా, అలగ మెట్టు మెట్టుగా ఎక్కితే బురద రాదు. నీళ్ళ గ్లాసులు రెండు పెట్టుకో, ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగులో కలపడానికి. సగం బురద ఆ ఒక్క గ్లాసు నీళ్ళ నుంచే వస్తాది, ఇది ఎంతమంది పిల్లలకి చెప్పినా వినరు.

ఆకుపచ్చకి, నీ పెట్టెలో ట్యూబుల మీద పేర్లు చదువు. నీలాలన్నీ ఒక్కటి కాదు. అల్ట్రామెరైన్‌లో కాస్త ఎరుపు ఛాయ దాగుంటాది, ప్రష్యన్ బ్లూ ఆకుపచ్చ వైపు ఒరిగి ఉంటాది. పసుపులో కూడా లెమన్ ఎల్లో ఆకుపచ్చ వైపు, క్రోమ్ ఎల్లోలాంటి ముదురు పసుపు ఆరెంజ్ వైపు. వరి నారుమడి లాంటి లేత పచ్చ కావాలంటే ప్రష్యన్, లెమన్ కలుపు. తాటాకు, ముదురు మామిడాకు కావాలంటే అల్ట్రామెరైన్, ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు. అంటే నీకు వచ్చిన ఆ చచ్చు పచ్చ కూడా పనికిరానిది కాదు, దాని చోటు వేరు.

ఎదురెదురు రంగుల్ని కలపకుండా పక్కపక్కన పెట్టి చూడు ఓసారి. మధ్యలో సన్నగా తెల్ల కాగితం వదిలి ఇటు ఆరెంజ్ అటు నీలం, రెండూ వెలిగిపోతాయి. పారిస్‌లో గోడకి వేలాడదీసే బొమ్మల బట్టలు నేసే గోబెలాన్ కార్ఖానాలో అద్దకం చూసుకునే షెవ్రోల్ అనే కెమిస్టు దగ్గరికి నల్లదారం వెలిసినట్టుందని కంప్లైంట్ వస్తే, ఆయన వెతికి వెతికి తప్పు రంగుది కాదు, దాని పక్కనేసిన దారాలదని తేల్చాడు, 1839లో దాని మీద పెద్ద పుస్తకమే అచ్చేశాడు. చీర కట్టుకుని దానికి బ్లౌజు మ్యాచ్ చేసే ఆడవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదనుకోండి.

ఆ చార్టు సంగతి, పక్కన పారేయ్. పసుపు మన గడప మీద శుభం, తెలుపు మన ఇళ్ళల్లో చావుకీ ఉంది పూజకీ ఉంది. ఎవరో గీసిన పెట్టెలో నీ రోజుని ఎందుకు ఇరికించడం?

రాజాం అమ్మాయి

మాస్టారూ చాలా థాంక్సండి, ట్యూబుల పేర్లు ఇప్పుడే చూశాను, రెండు నీలాలూ ఉన్నాయి! మరి రాత సంగతి?

డ్రాయింగ్ మాస్టారు, శ్రీకాకుళం

రాత రావట్లేదంటే రంగు ముందు పెట్టు, మాట తర్వాత పెట్టు. ఆ రోజు కంటికి తగిలిన ఒక్క వస్తువు తీసుకో, దాని అసలు రంగు కలపడానికి ప్రయత్నించు, నాలుగైదు చిన్న గళ్ళు వెయ్యి, ఏ ట్యూబు ఎంత కలిపావో పక్కన రాసుకో. పొందూరు ఖద్దరు తువ్వాలు ఉంటే తీసి చూడు, రంగెయ్యని కొండపత్తిది, తెలుపు అనేస్తాం గానీ అది తెలుపు కాదు. బోలెడు నీళ్ళలో ఆకర్, చుక్క బర్న్ట్ సియెన్నా (ఆరెంజ్ వైపు ఒరిగే మట్టి గోధుమ రంగు) వేస్తే దగ్గరికొస్తాది. అంతసేపు ఒక వస్తువుని చూశాక దాని గురించి రాయడానికి మాట దానంతటదే దొరుకుద్ది.

పలాస అక్క

మాస్టారు చెప్పినదానికే నాదో ముక్క. రంగు కలిపాక ఒకే ప్రశ్న వేసుకో చెల్లీ, దీని వెనక ఎవరి చేతులున్నాయి అని. మా వైపు జీడిపప్పే తీసుకో, రంగు చూస్తే లేత మీగడ. అదే పప్పు తీసే ఆడవాళ్ళ చేతులు చూడు, పెంకులో నూనెకి చర్మం నల్లబడిపోద్ది, ఒక్కోసారి బొబ్బలు కూడా. ఆ మీగడ రంగు గడి పక్కనే ఆ నలుపు గడి వేస్తే "ఆరోగ్యానికి కృతజ్ఞతలు" అని రాయాలనిపించదు, ఇంకేదో రాస్తావు. నాకు బాగా పనిచేసిన ప్రశ్నలు ఇంకో రెండున్నాయి, ఈరోజు ఏది చెడిపోలేదు (కరెంటు పోలేదు, బస్సు టైముకొచ్చింది, అంత చిన్నవే), ఇంకోటి నేను అడక్కుండా ఎవరేం చేశారు.

రోజూ రాయాలని పట్టు పెట్టుకోకు కూడా. అమెరికాలో 2003లో వచ్చిన పేరున్న స్టడీ ఒకటుంది, అందులో ఒక భాగంలో మనుషులు వారానికి ఒక్కసారే, అయిదు వరకూ విషయాలు రాశారు, అలా రాసినవాళ్ళు వాళ్ళ జీవితం గురించి మెరుగ్గా అనుకున్నారని తేలింది. కాబట్టి రోజూ రంగులు, ఆదివారం రాత, అలగ పెట్టుకున్నా చాలు.

కవిటి నుంచి

నేనొక్క మాట కాదంటాను. మా ఊళ్ళో 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లు పడగొట్టేసిన రోజుల్లో ఎవరైనా వచ్చి కృతజ్ఞత రాయమని ఉంటే కొట్టేవాళ్ళం. బాగోలేని రోజు బలవంతంగా రాయకండి, బూడిద రంగు ఒక్కటే వెయ్యండి.

డ్రాయింగ్ మాస్టారు, శ్రీకాకుళం

బాగా చెప్పావు బాబూ. నల్లరంగు ట్యూబు తియ్యకుండా బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపితే బూడిదలు బోలెడు వస్తాయి, నీలం ఎక్కువైతే వాన మబ్బు, సియెన్నా ఎక్కువైతే తడిసిన మట్టిగోడ. అదీ ఎదురెదురు రంగుల పనే, ఇందాక అమ్మాయి బురద అన్నది ఇదే.

రాజాం అమ్మాయి

షీటు తెచ్చుకుని ఆదివారం మొదలుపెడతాను. చివరి డౌటు, రంగు మీద జెల్ పెన్నుతో రాస్తే అలుక్కుపోతంది?

బొబ్బిలి నుంచి

పేజీ పూర్తిగా ఆరాక, వెనక్కి తిప్పి ముట్టుకుంటే చల్లగా తగలకూడదు, అప్పుడు మామూలు బాల్ పెన్నుతో రాయి. రాత ముందు రంగు తర్వాత అయితే వాటర్‌ప్రూఫ్ ఇంకు పెన్నే కావాలి.