సిస్‌ప్లాటిన్ ఐసీ50 వారానికో రకంగా వస్తోంది, తప్పెక్కడ?

గుంటూరు_కల్చర్:
అండాశయ క్యాన్సర్ కణాలు ఏ2780తో, ప్లాటినం ఉన్న క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌కి లొంగని లైన్ (ల్యాబ్‌లో పెంచే కణాల సంతతి) తయారుచేస్తున్నాం. 0.5 మైక్రోమోలార్‌తో మొదలుపెట్టి 4 దాకా పెంచాం. మందు డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి మైనస్ 20లో పెట్టాం. మందు అలవాటు చేయని అసలు (పేరెంట్) కణాలకే ఐసీ50, అంటే కణాల ఎదుగుదలని సగానికి తగ్గించే మోతాదు, ఒక వారం 3, మరో వారం 25 మైక్రోమోలార్. ఎక్కడ వెతకాలి?

బెజవాడ_బయో:
పేరెంటే మారుతోందంటే తప్పు కణాలది కాదండీ, మందుది. డీఎంఎస్‌ఓలోని సల్ఫర్ సిస్‌ప్లాటిన్‌లోని క్లోరైడ్‌ని నెట్టేసి ప్లాటినంకి అతుక్కుంటుంది. ఆ తర్వాత అది డీఎన్‌ఏ మీద సరిగా పనిచేయదు. ద్రావణం మాత్రం తేటగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు.

0.9 శాతం సెలైన్‌లో మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము కరిగించండి, అది 3.33 మిల్లీమోలార్. 10 మి.లీ. మీడియాలో 1 మైక్రోమోలార్ కావాలంటే 3 మైక్రోలీటర్లు చాలు. వెలుతురు తగలనివ్వొద్దు. ఫ్రిజ్‌లో పెడితే అడుగున పసుపు పలుకులు పేరుకుంటాయి, పైనున్న ద్రావణం పలచబడిపోతుంది. అలాగని మన మే నెల ఎండల్లో రాత్రి ఏసీ ఆపేసిన గదిని 'గది ఉష్ణోగ్రత' అనుకోకండి, 20–25 డిగ్రీల్లో ఉంచండి. ఏ ప్రయోగానికి ఆ ప్రయోగం తాజాగా కలుపుకుంటే ఇంకా మంచిది.

బాధాకరమే గానీ, 4 దాకా పెంచామన్న మాట ఇక నమ్మలేం. మొదట ఫ్రీజ్ చేసిన వయల్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పాత ట్యూబులు సింకులో పోయొద్దు, సైటోటాక్సిక్ వేస్ట్‌లోకే.

కణశాల:
పైదానికి తోడు, పేరెంట్‌ని మందు లేకుండా ఒట్టి సెలైన్ కలిపిన మీడియాలో సమాంతరంగా పెంచండి. మందు తిన్న కణాలు నెమ్మదిగా విభజన చెందుతాయి, బతికున్న కణాల్ని రంగుతో అంచనా వేసే 72 గంటల ఎంటీటీ పరీక్షలో అదే రెసిస్టెన్స్‌లా (మందుకి లొంగనట్టు) కనిపిస్తుంది. ఒక్కో కణం గుంపుగా ఎదుగుతుందా అని చూసే 10–14 రోజుల కాలనీ పరీక్షతో సరిచూసుకోండి. మందు ఆపి నెల తర్వాత కూడా రెసిస్టెన్స్ నిలిస్తేనే లెక్క. మైకోప్లాస్మా (కణాలకి సోకే బ్యాక్టీరియా), ఎస్‌టీఆర్ (డీఎన్‌ఏతో లైన్‌ని గుర్తుపట్టే) పరీక్షలు రెండు లైన్లకీ చేయించండి.

తెనాలి_జీన్:
అసలు ఏ2780 ఎందుకండీ? అండాశయ క్యాన్సర్‌లో హైగ్రేడ్ సీరస్ రకంలో దాదాపు 96 శాతం కణితుల్లో టీపీ53 అనే జన్యువులో మ్యుటేషన్ ఉంటుందని 2011లోనే తేలింది, ఏ2780లో ఆ జన్యువు మామూలుగానే ఉంది. పీఈఓ1, పీఈఓ4 అనే లైన్ల జంట చూడండి. రెండూ ఒకే రోగివి. మొదటిదాంట్లో చెడిన బీఆర్‌సీఏ2 (డీఎన్‌ఏ మరమ్మతు జన్యువు), రెసిస్టెన్స్ వచ్చాక తీసిన రెండోదాంట్లో మరో మార్పుతో మళ్లీ పనిలోకొచ్చింది. డీఎన్‌ఏ మరమ్మతు తిరిగొచ్చింది కాబట్టే ప్లాటినం దెబ్బని తట్టుకుంటోంది.

ఇంకోటి, కణంలోని పంపు పీ-గ్లైకోప్రొటీన్ బయటికి తోసేది పాక్లిటాక్సెల్ (మరో క్యాన్సర్ మందు)ని, ప్లాటినంని కాదు. ఆ పంపుని అడ్డుకునే వెరాపమిల్‌తో సిస్‌ప్లాటిన్ రెసిస్టెన్స్ పరీక్షించి, తేడా రాలేదని ఆ పంపు లేదని రాసేయకండి.