ఓనర్ అన్‌మెల్డుంగ్ (ప్రభుత్వ ఆఫీసులో అడ్రస్ నమోదు) వద్దంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాస్టర్స్‌కి జర్మనీ వచ్చాను. గది ఇచ్చినాయన డిపాజిట్ తీసుకున్నాక, ఈ అడ్రస్ మీద నమోదు కుదరదంటున్నాడు. అది లేకుండా కొన్నాళ్లు నెట్టుకురావచ్చా అన్నా?

జవాబు 1: కుదరదు తమ్ముడూ. ఇంట్లో దిగిన రెండు వారాల్లో నమోదు చేయించుకోవాలి. దానికి అద్దె ఒప్పందం చాలదు, ఓనర్ సంతకంతో వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, అంటే నువ్వు ఆ ఇంట్లో దిగావని చెప్పే కాగితం కావాలి. అది ఇవ్వడం ఆయన దయ కాదు. 2015 నవంబరు నుంచి చట్టప్రకారం ఇచ్చి తీరాలి, ఎగ్గొడితే 1000 యూరోల దాకా జరిమానా. ముందు ఆయన్ని మెయిల్‌లో అడుగు. ఇవ్వనంటే ఆ సంగతి నమోదు ఆఫీసుకి వెంటనే తెలపాల్సింది నువ్వే, చట్టంలోనే ఉంది. సబ్‌లెట్ అయితే అసలు అద్దెదారు సంతకం చాలు. ఫ్రెండ్ అడ్రస్ మీద పెట్టేయమని ఎవరైనా అంటే వినకు. నువ్వు ఉండని ఇంటికి కాగితం ఇచ్చినవాళ్లకి జరిమానా 50,000 దాకా వెళ్లొచ్చు.

జవాబు 2: నమోదు లేకపోతే ట్యాక్స్ ఐడీ రాదు. ఐడీ లేకుండా పార్ట్‌టైమ్ చేరితే మొదటి జీతం నుంచే ఆరో పన్ను క్లాసు, అంటే అన్నిటికంటే ఎక్కువ కోత, గట్టిగా కోసేస్తారు. ఇంకోటి, ఫారంలో మతం గడి చూసి నింపండి. క్యాథలిక్ అనో, ఎవాంగెలిష్ (ప్రొటెస్టెంట్) అనో రాస్తే ఆదాయపు పన్ను మీద 9 శాతం చర్చి పన్ను పడుతుంది, బవేరియా, బాడెన్-వూర్టెంబర్గ్‌లలో 8. కౌంటర్లో మామూలుగా అడిగినట్టే ఉంటుంది, ప్రభుత్వం మాత్రం దాన్ని పట్టుకునే వసూలు చేస్తుంది.

జవాబు 3: మొదటి జీతం నుంచే అన్నది తప్పండీ. ఐడీ ఆలస్యం మీ వల్ల కాకపోతే, కంపెనీ మూడు నెలల దాకా మామూలు క్లాసులోనే లెక్కకట్టొచ్చు. హెచ్‌ఆర్‌కి తెలియకపోతే మీరే చెప్పండి.

జవాబు 4: అడగకపోయినా చెప్తున్నా, అసలు పరీక్ష వచ్చేది వీసా పొడిగింపు దగ్గర. ఔస్లెండర్‌బెహోర్డెలో (విదేశీయుల ఆఫీసు) అపాయింట్‌మెంట్ దొరకలేదని కూర్చోవద్దు. గడువు తీరకముందే దరఖాస్తు చేరాలి, చేరినట్టు రుజువు ఉండాలి. అప్పుడు నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ చెల్లుతుంది. దానికి రుజువుగా ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం అడిగి తీసుకో. లోపల ఏ గడిలో టిక్ ఉందో చూడు: నివాస చట్టం 81వ సెక్షన్ 4వ క్లాజు అయితే ఇండియా వెళ్లి రావచ్చు, 3వది అయితే దాంతో తిరిగి రానివ్వరు. ఈ ఒక్క టిక్ చూసుకోకే ఎయిర్‌పోర్టుల్లో ఇరుక్కుపోతారు. కౌంటర్లో క్లర్కుని నిలదీసి లాభం లేదు, ఆయన నోటిమాటకి విలువా లేదు. కాగితం మీద అడుగు. మూడు నెలలైనా సరైన కారణం లేకుండా తేల్చకపోతే ఉన్‌టేటిగ్‌కైట్స్‌క్లాగె (ఆఫీసు ఏమీ తేల్చట్లేదని కోర్టులో కేసు) వేయొచ్చు, మొదటి కోర్టులో లాయర్ తప్పనిసరి కాదు. కోర్టు ఫీజు సుమారు 500 యూరోలు ముందు కట్టాలి. చాలాసార్లు కేసు నంబరు పడగానే ఫైలు కదులుతుంది.

జవాబు 5: దరఖాస్తు తిరస్కరిస్తే నెలలోపు విడర్‌ష్ప్రుఖ్, అంటే ఆ ఆఫీసుకే అభ్యంతరం రాయాలి. మామూలు ఈమెయిల్ చెల్లదు, సంతకంతో పోస్టు లేదా ఫ్యాక్స్.

జవాబు 3: అన్ని రాష్ట్రాల్లో కాదండీ! బవేరియాలో, నార్త్ రైన్-వెస్ట్‌ఫేలియాలో చాలా విషయాలకి ఆ మెట్టే తీసేశారు, నేరుగా కోర్టుకే. అక్కడ విడర్‌ష్ప్రుఖ్ రాసి ఎదురుచూస్తే కోర్టుకెళ్లే నెల గడువు కాస్తా అయిపోతుంది.

జవాబు 5: సరే, బెషైడ్ (నిర్ణయం తెలిపే ఉత్తరం) చివర రెఖ్ట్స్‌బెహెల్ఫ్స్‌బెలేరుంగ్ అనే పేరా ఉంటుంది, ఎక్కడికి వెళ్లాలో అందులోనే రాస్తారు. ఆ పేరా లేకపోతే గడువు ఏడాది, అది మీకే లాభం.

జవాబు 1: మీ గొడవలో కుర్రాడు బెదిరిపోతాడు. తమ్ముడూ, ఆ ఉత్తరం అందాలంటే ముందు పోస్టు డబ్బా మీద నీ పేరు అతికించు. పేరు లేకపోతే ట్యాక్స్ ఐడీ కూడా వెనక్కే పోతుంది. పసుపు కవరు వస్తే పారేయకు, ఆఫీసుల అధికారిక ఉత్తరాలు అందులోనే వస్తాయి. పోస్ట్‌మ్యాన్ దాని మీద రాసిన తేదీ నుంచే గడువు మొదలు, నువ్వు ఊళ్లో ఉన్నా లేకపోయినా.