ఊలు దారాలా, నూలు దారాలా?

‘రెడ్ డ్రెస్’ ప్రదర్శన చూసి వచ్చాను. కర్‌స్టీ మెక్లౌడ్ 2009లో మొదలుపెట్టిన ముదురెరుపు పట్టు గౌను అది. 2023 వరకు 51 దేశాల వాళ్లు, మొత్తం 380 మంది, దాని మీద ఎంబ్రాయిడరీ చేశారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. యుద్ధాలు, మారణకాండ చూసిన కొసావో, రువాండా స్త్రీలూ ఉన్నారు. ఎవరి కుట్టు వాళ్లదే, అయినా గౌను ఒక్కటే. చూస్తున్నంతసేపూ, ఆడవాళ్లు దయలేనివారని పూలు వాపోయే కరుణశ్రీ పద్యం, పుష్పవిలాపంలోని ‘గుండెలోనుండి సూదులు గ్రుచ్చి కూర్చి’ నోట్లో ఆడుతూనే ఉంది. దాని పై పాదం ‘నూలు దారాలతో గొంతుకురి బిగించి’ అనా, ‘ఊలు దారాలతో’ అనా? ఇంకొకటి, సూది పట్టిన స్త్రీని దయలేనిదనకుండా మెచ్చుకున్న పద్యం మనకుందా?

— ఊలే. యతి చూడండి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి యతిస్థానంలోని అక్షరానికీ కుదరాల్సిన పొత్తు. ‘గొంతుకురి’ అంటే గొంతుకు + ఉరి. ఆ ఉకారంతో మొదటి ఊకారానికి చెల్లింది. నూలు పెడితే యతి పోతుంది.

— ప్రాసయతి అనుకోవచ్చుగా, అంటే యతికి బదులు ఆ రెండుచోట్లా రెండో అక్షరాలకు ప్రాస కుదర్చడం? ర, లలకు ప్రాస ఒప్పుకున్నవాళ్లున్నారు.

— ప్రాసకు ముందున్న అక్షరాలు రెండూ గురువులో, రెండూ లఘువులో కావాలి. ఇక్కడ నూ గురువు, కు లఘువు. కుదరదు మాస్టారూ. తేటగీతి నాలుగో గణంలో, సంధి చాటున యతిని అలా దాచడం కరుణశ్రీకే చెల్లింది. ‘కుంతీకుమారి’ కూడా ఒకసారి ఈ దృష్టితో చదవండి, ఎక్కడా మాట బిగుసుకోదు.

— యతి అక్షరాన్ని తేలుస్తుంది, అర్థాన్ని కాదు. పూలకి ఉన్నిదారం ఎందుకు? నా లెక్కన ఊలు సంస్కృత ‘ఊర్ణ’ నుంచి వచ్చింది. ఊర్ణనాభం అంటే సాలీడు కదా. అంత మెత్తటి పోగుతో ఉరి! పువ్వు గోడు అక్కడే ఉంది.

— ఊర్ణ దాకా ఎందుకండీ? ఇంగ్లిషు ‘వుల్’ మన నోట ఊలు అయింది. వాడుకమాటని పద్యంలో ఒదిగించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

— నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. పద్యంలో గాయం పువ్వుది, సూది ఆడవాళ్లది. ఈ గౌను మీద గాయపడ్డవాళ్లే సూది పట్టారు. అలాంటి పద్యం కావాలి నాకు.

— మేడమ్, అసలు ‘గ్రుచ్చి’ ఆ పనికి నప్పదు. పూలూ ముత్యాలూ గుచ్చుతాం, బట్ట కుడతాం.

— పూల మాట కాబట్టే గుచ్చి అన్నారు. అది సరే, నాలుగో పాదం చివర ‘యాడువారు’ అనా, ‘యాడవారు’ అనా? గణమూ యతీ రెండింటికీ సరిపోతున్నాయి. పాత అచ్చుప్రతి ఉన్నవాళ్లు ఆ పేజీ ఫొటో పెట్టండి.