గర్భంతో ఉన్నప్పుడు హెర్బల్ టీలు, కషాయాలు: ఏవి తాగొచ్చు, ఏవి వద్దు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం ఈ దేశానికి ఈమధ్యే వచ్చాం. నాకిప్పుడు తొమ్మిదో వారం. పొద్దున లేచింది మొదలు వికారం, కాఫీ వాసన అసలు పడటం లేదు. అందుకని మా ఆయన హెర్బల్ టీ డబ్బాలు తెచ్చారు. ఒకదాని మీద అల్లం బొమ్మ ఉంది కానీ వెనకాల రాసింది ఇక్కడి భాషలో ఉంది, నాకు అర్థం కావడం లేదు. అత్తయ్యగారు ఒక కషాయం పొడి కూడా పంపారు. ఎవరో తెలిసినవాళ్లు చేసి ఇచ్చారట, అందులో ఏమేం కలిపారో ఆవిడకీ తెలియదు. అది ఇంకా మొదలుపెట్టలేదు. థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. మిడ్‌వైఫ్ అపాయింట్‌మెంట్‌కి ఇంకా టైముంది. అప్పటిదాకా ఏం తాగొచ్చు? అక్కలెవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు

చెల్లీ, మొదలుపెట్టలేదన్నావు కదా, ఆ పొడి మాట ముందు చెప్తాను. దాన్ని పక్కన పెట్టెయ్. అత్తయ్యగారు ప్రేమతోనే పంపారు, అందులో సందేహం లేదు. కానీ ఏముందో తెలియని పొడిని కడుపుతో ఉన్నప్పుడు తాగకూడదు. ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2011, 2012లలో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆరుగురూ ఇండియా నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడినవాళ్లే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లో ఆ వివరాలు ప్రచురించింది. సీసం తల్లి రక్తం నుంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రుచిలోగానీ రంగులోగానీ అది పట్టుబడదు. అన్ని పొడుల్లోనూ ఇలాంటివి ఉంటాయని కాదు, నీ చేతిలో ఉన్నదాంట్లో లేదని చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు, అంతే. ఇది చదివేవాళ్లలో ఎవరైనా అలాంటి పొడి ఇప్పటికే వాడుతుంటే ఆపేసి డాక్టరుకి చెప్పండి. రక్తంలో సీసం ఎంతుందో దానికోసం చేసే ఒక రక్త పరీక్షతో తెలుస్తుంది.

ఇక టీ డబ్బా. ముందువైపు బొమ్మని నమ్మకు, వెనకాల పదార్థాల జాబితా చూడు. బరువులో ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాస్తారు. అల్లం టీ అని అమ్మేవాటిలో కూడా తీపి కోసం అతిమధురం వేరు కలుపుతుంటారు. గొంతుకి, అరుగుదలకి అని అమ్మేవాటిలో ఇది మరీ ఎక్కువ. భాష రాకపోతే ఫొటో తీసి ఫోన్లో అనువాదం చేసుకో. చాలా డబ్బాల మీద మొక్కల లాటిన్ పేర్లు కూడా ఉంటాయి, ఏ దేశంలోనైనా అవి మారవు. గ్లిసిరైజా అని కనిపిస్తే అది అతిమధురమే.

దాని మీద నాకెందుకింత పట్టుదలంటే, దాంట్లో గ్లిసిరైజిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. తల్లి ఒంట్లోని ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ బిడ్డకు ఎక్కువగా చేరకుండా మాయలో ఒక ఎంజైమ్ కాపలా ఉంటుంది, గ్లిసిరైజిన్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. ఫిన్లాండ్‌లో గర్భంలో ఉండగా తల్లి అతిమధురం బాగా తీసుకున్న పిల్లల్ని స్కూలు వయసులో పరీక్షిస్తే తెలివితేటల పరీక్షల్లో వెనకబడినట్టు కనిపించింది. అక్కడి ప్రభుత్వం 2016లో గర్భిణులకు వద్దనే వాటిలో దాన్ని చేర్చింది. ఎప్పుడో ఒక కప్పు తాగితే కొంప మునగదు, రోజూ తాగే టీలో మాత్రం అది ఉండకూడదు.

వికారానికి అల్లం మంచిదే. అమెరికాలో ప్రసూతి వైద్యుల సంఘం కూడా మందులు కాని ఉపాయాల్లో దాన్ని ప్రస్తావిస్తుంది. పరీక్షించి చూసిన మోతాదు చాలావరకు రోజు మొత్తానికి ఒక గ్రాము ఎండు అల్లం, అంటే దాదాపు అర టీస్పూన్ శొంఠి పొడి. అది నాలుగు విడతల్లో. వికారం తగ్గుతుంది కానీ వాంతుల మీద దాని ప్రభావం అంతగా కనిపించలేదు. నా సలహా పచ్చి అల్లమే. వేలి కొన అంత ముక్క పల్చగా తరిగి, మరిగిన నీళ్లు పోసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచి వడకట్టు. ఘాటు గొంతులో మంట పెట్టేంత ఉండక్కర్లేదు. గంటసేపు మరగబెట్టి చిక్కగా దించిన కషాయం మాత్రం ఇంకో లెక్క, ఒక్క గ్లాసులోకే చాలా దిగిపోతుంది. పల్చటి అల్లం టీనే చల్లార్చి గుక్క గుక్కగా తాగితే కడుపులో నిలుస్తుంది.

పుదీనా కూడా పరవాలేదు. ఒకటే చిక్కు, అన్నవాహిక కింద ఉండే బిగువును అది వదులు చేస్తుంది. అందువల్ల ఛాతీలో మంట ఉన్నవాళ్లకు ఎక్కువవుతుంది. ఆఖరి నెలల్లో మంట చాలామందికి వస్తుంది కాబట్టి అప్పుడు మానుకోవచ్చు.

జవాబు

నమస్తే అండి. నేను ఫార్మసీలో పనిచేస్తాను, మాత్రల సంగతి నేను చెప్తాను. థైరాయిడ్ మాత్ర పరగడుపున ఉత్త నీళ్లతోనే వేసుకోండి. తర్వాత అరగంట నుంచి గంట దాకా టీ గానీ కషాయం గానీ వద్దు. ఐరన్ మాత్ర రాస్తే ఈ రెండింటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. అల్లం టీ సరే కానీ మామూలు టీ, గ్రీన్ టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. కాబట్టి వాటికీ ఐరన్ మాత్రకీ మధ్య గంటో రెండు గంటలో ఉంచండి.

గ్రీన్ టీ కూడా తేయాకుతో చేసేదే కాబట్టి కెఫీన్ లెక్కలోకి వస్తుంది. యెర్బా మాటే అనే ఆకు, గ్వారానా అనే గింజ కలిపిన ‘హెర్బల్’ పానీయాలు కూడా అంతే. రోజుకి 200 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. బ్రిటన్ ఆరోగ్య సేవ లెక్క ప్రకారం పెద్ద కప్పు టీలో సుమారు 75 ఉంటుంది.

రక్తం పల్చబడే మందులు, ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు అల్లం టీ, కెమొమైల్ (చామంతి జాతి పూల టీ) రోజూ తాగాలనుకుంటే ముందు అడగండి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక మనసు బాగోలేనప్పుడు తాగమని కొందరు చెప్తారు. అది చాలా మందుల పనితీరును మార్చేస్తుంది, గర్భంతో ఉన్నప్పుడు సొంతంగా మొదలుపెట్టొద్దు. ‘డిటాక్స్’, ‘స్లిమ్’ టీల్లో చాలావాటిలో సెన్నా ఉంటుంది, అంటే విరేచనాల మందు. వాటి జోలికే పోవద్దు. పెన్నీరాయల్ (పుదీనా జాతి మూలిక) పేరుంటే తక్షణం అవతల పెట్టండి, కాలేయాన్ని పాడుచేస్తుంది. మూలికల నూనెలు టీలో చుక్కలు వేసుకోవడం కూడా వద్దండి.

ప్రశ్న

చాలా థాంక్స్. అనువాదం చేసి చూశాను. మొదట అల్లం, తర్వాత సోంపు, మూడోది అతిమధురం! ఇంకో డబ్బా కెమొమైల్. పక్కింటావిడ రాస్ప్‌బెర్రీ ఆకుల టీ తాగితే కాన్పు తేలికవుతుందని చెప్పింది. ఇప్పుడే మొదలుపెట్టనా?

జవాబు

ఇప్పుడు వద్దు. ఆ ఆకు గర్భాశయం కండరం మీద పనిచేస్తుందనే నమ్మకంతోనే తాగుతారు. నిజంగా కాన్పు తేలికవుతుందనడానికి గట్టి రుజువు లేదు. తాగేవాళ్లకి కూడా మామూలుగా 32 వారాలు దాటాకే అంటారు. ముందు సిజేరియన్ అయినవాళ్లు, కవలలున్నవాళ్లు, రక్తస్రావం, బీపీ ఉన్నవాళ్లు మానేయడమే మంచిది. పక్కింటావిడతో ‘మిడ్‌వైఫ్‌ని అడిగి చెప్తాను’ అను, నొచ్చుకోదు.

కెమొమైల్ ఎప్పుడైనా ఒక కప్పు అంటే నేను అడ్డు చెప్పను, రోజూ వద్దు. గర్భిణుల్లో దాని మీద సమాచారం తక్కువ. చామంతి జాతి పూలు, రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడనివాళ్లకి అలర్జీ కూడా రావచ్చు. సోంపు వంటలో ఎంతైతే అంతవరకూ సరే, చిక్కటి సోంపు టీ రోజూ మందులా తాగొద్దు. సేజ్ అనే వంట మూలిక కూడా అంతే. అతిమధురం ఉన్న డబ్బా మీ ఆయనకి ఇచ్చెయ్, ఆయనకి బీపీ లేకపోతే. నువ్వు పచ్చి అల్లం కోసుకో. పైగా ఒకే టీ రోజంతా తాగకుండా మార్చుకుంటూ ఉండు. కొన్ని ఎండు ఆకుల్లో పంట కోసేటప్పుడు కలుపు మొక్కలు కలిసిపోయి, వాటివల్ల కాలేయానికి పడని పదార్థాలు వస్తాయి. జర్మనీ సంస్థలు 2013లో టీ ఆకుల్లో వీటిని కనిపెట్టాయి, 2022 నుంచి యూరప్‌లో పరిమితులు పెట్టారు.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను. రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, వచ్చింది ముదురు రంగులో ఉన్నా, లేస్తే తల తిరిగినా, వాంతిలో రక్తం, జ్వరం, కడుపునొప్పి, రక్తస్రావం ఉన్నా అల్లం నీళ్లతో సర్దుకోవాలని చూడకు. వెంటనే ఫోన్ చెయ్. వాంతులకి గర్భిణులకి ఇచ్చే మందులున్నాయి, అడగడంలో తప్పేం లేదు.

అపాయింట్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే క్లినిక్‌కి ఇలా మెసేజ్ పెట్టు: ‘నాకు తొమ్మిదో వారం. థైరాయిడ్ మాత్ర ఇంత మోతాదు వేసుకుంటున్నాను. వికారానికి రోజుకి ఇన్ని కప్పులు అల్లం టీ తాగుతున్నాను. డబ్బా ఫొటో, ఇంటి నుంచి వచ్చిన పొడి ఫొటో జతచేశాను, పొడి వాడలేదు. ఈ టీతో ఇబ్బందేమైనా ఉందా? థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి? అపాయింట్‌మెంట్‌లో తెలుగు దుబాసీ కావాలి.’ గర్భంతో ఉన్నప్పుడు థైరాయిడ్ మోతాదు పెంచాల్సి రావడం మామూలే, అందుకే ఆ పరీక్ష మాట మర్చిపోకు.