టంగ్‌స్టన్-186 క్యాప్చర్ డేటా: ఫిట్ గీత కొలతల కిందకి ఎందుకు దిగుతోంది?

టంగ్‌స్టన్-186 న్యూట్రాన్ క్యాప్చర్ క్రాస్ సెక్షన్ (కేంద్రకం న్యూట్రాన్‌ని పట్టుకునే అవకాశం ఎంతో చెప్పే కొలత) మూల్యాంకనంలో ఒకచోట చిక్కు పడింది, తెలిసినవాళ్లు చెప్పగలరా?

ఎక్స్‌ఫోర్ (అణు చర్యల ప్రయోగ ఫలితాల డేటాబేస్) నుంచి తీసుకున్న యాక్టివేషన్ కొలతల్లో (పుట్టిన రేడియోధార్మికతని లెక్కపెట్టేవి) చాలావాటికి మానిటర్, అంటే పోల్చి కొలిచే ప్రమాణం, బంగారం-197. వాటిని ఇప్పటి ప్రమాణానికి (థర్మల్ దగ్గర దాదాపు 98.7 బార్న్‌లు) సవరించాను. టంగ్‌స్టన్-187 గామా తీవ్రతలు కూడా కొత్తవే వాడాను. 18.8 ఈవీ దగ్గరి రెజొనెన్స్ మహా బలమైనది. అందుకే రేకు మందం రాయని ఎపిథర్మల్ (థర్మల్ కన్నా ఎక్కువ శక్తి న్యూట్రాన్ల) కొలతలు తీసేశాను. మందం తెలియకుండా సెల్ఫ్ షీల్డింగ్ (రేకు పై పొరలే న్యూట్రాన్లని పీల్చుకుని లోపలికి తక్కువ చేరడం) సవరణ ఎలా చేస్తాం?

అసలు ఇబ్బంది కీవీ ప్రాంతంలో. టాలిస్ (అణు చర్యల నమూనా ప్రోగ్రామ్) లెక్కను ప్రయర్‌గా, అంటే ముందస్తు అంచనాగా, పెట్టి జనరలైజ్డ్ లీస్ట్ స్క్వేర్స్ (లోపాల మధ్య సహసంబంధాల్నీ లెక్కలోకి తీసుకునే ఫిట్) నడిపితే, గీత దాదాపు అన్ని బిందువుల కిందుగా పోతోంది. ప్రయర్ అనిశ్చితిని పదింతలు చేసినా పైకి లేవలేదు, కాబట్టి లాగుతున్నది ప్రయర్ కాదు. 5 శాతం నార్మలైజేషన్ లోపాన్ని (ఒక ప్రయోగంలోని బిందువులన్నిటికీ ఉమ్మడిగా ఉండే స్కేలు లోపం) కొలిచిన విలువలతోనే గుణించి కోవేరియన్స్ (లోపాలు, వాటి సహసంబంధాల పట్టిక) కట్టాను. తక్కువ విలువకి తక్కువ లోపం, ఎక్కువ బరువు. ఇది పీల్ పజిల్ (ఉమ్మడి లోపం వల్ల ఫిట్ కొలతల కిందకి జారే చిక్కు) లక్షణమే అనిపిస్తోంది.

కొలతకి బదులు ఫిట్ విలువతో గుణించి, నిలకడ వచ్చేదాకా తిప్పితే చాలా? లేక ప్రతి ప్రయోగానికీ నార్మలైజేషన్‌ని విడి పరామితిగా వదలాలా? రెండోది చేస్తే, ఒకే మానిటర్ వాడిన ప్రయోగాల మధ్య సహసంబంధం ఎక్కడ పెట్టాలి?