విత్తనం చెనిక్కాయలు ఒలిచిన రాత్రులు: మీ ఊర్లో ఎట్లుండేది?

ఎర్రనేల:

అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె, ఉద్యోగం బెంగళూరులో. మా పాపకు తొమ్మిదేళ్లు. మొన్న ఇంట్లో చెనిక్కాయలు ఉడకబెట్టినప్పుడు తింటా తింటా "నాన్నా, నీ చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఏం చేసేవాడివి?" అని అడిగింది. బావిలో ఈత, గోలీలు, చిల్లాకట్టె అని నాలుగు మాటలు చెప్పినాను గానీ నాకు అన్నిటికంటే గట్టిగా గుర్తున్నది ఆటలు కాదు, విత్తనం కాయలు ఒలిచేది.

మే నెల ఆఖరుకు వచ్చేసరికి మూలనున్న సంచులు బయటికి వచ్చేవి. పోయినేడు పండిన కాయలో మంచిది విత్తనానికని పక్కన పెట్టేవాళ్లు కదా, అది. కాయగానే దాచాలి, ముందే ఒలిచి పెడితే గింజ చెడి మొలక తగ్గుతుంది, అట్లని వాన పడినాక మొదలుపెడితే పదును, అంటే విత్తడానికి కావాల్సిన నేల తడి, పోతుంది, అందుకని మిరుగు కార్తెకు కాస్త ముందు ఇంటిల్లిపాదీ దాని మీదే ఉండేవాళ్లం. పగలు ఎండ, కాబట్టి రాత్రిపూట వాకిట్లో చాపలు పరుచుకొని కూర్చునేది. కాయల మీద కొంచెం నీళ్లు చిలకరిస్తే పొట్టు మెత్తబడుతుంది. కాయ మూతి మీద బొటనవేలితో నొక్కితే టప్పున విచ్చుకుంటుంది, లోపల గింజకు దెబ్బ తగలకూడదు. ఆ ఎర్రపొర చెదిరిందంటే అది విత్తనానికి పనికిరాదని మా అవ్వ చేటలోకి వచ్చిన గింజల్ని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసేది. పగిలినవి వేరే గిన్నెలో పడేవి, మరుసటి రోజు అవే చట్నీ అయ్యేవి. పొట్టంతా నీళ్ల పొయ్యి కిందకి. ఏదీ పారేసేది లేదు.

రేడియోలో కడప స్టేషన్ వినపడుతుండేది, అది అయిపోయినాక అవ్వ కథలు. బొటనవేలు గోరు కింద మంట పుట్టేది, అయినా లేవబుద్ధయ్యేది కాదు. ఒక ఇల్లు ఒక పని చుట్టూ అట్లా కూర్చోవడం నేను మళ్లీ యాడా చూడలేదు. ఇది మా పాపకు మాటల్లో చెప్తే అర్థం కావడం లేదు.

నేను అడిగేదేమంటే, మీ ఇళ్లలో ఈ పని ఎట్లా జరిగేది? ఇప్పటికీ చేతితో ఒలిచే ఊర్లు ఉన్నాయా? మా చేను కౌలుకిచ్చి చాలా కాలమైంది, మా ఊర్లో మెషిన్‌కే పోతున్నారు. జూన్ మొదటి వారంలో పాపను తీసుకొని వద్దామనుకుంటున్నాము. కర్నూలు, కడప వాళ్లు కూడా మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి, ఆమెకు అన్నీ చదివి వినిపిస్తాను.

కదిరి మల్లె:

అన్నా, మీరు రాసిన ప్రతి ముక్కా నిజమే, చిలకరించిన కాయ వాసన కూడా గుర్తొచ్చింది. కానీ నేను ఇంకో వైపు నుంచి చెప్పాలి. మాకు చేను లేదు. మా అమ్మ, నేను, మా చెల్లెలు పెద్దింటి వాళ్ల వసారాలో కూర్చొని ఒలిచేవాళ్లం. సేరు లెక్కన కూలి. మీ అవ్వ గింజ తిప్పి చూసింది అన్నారు చూడండి, అట్లా చూసేటప్పుడు ఎదురుగా మేము కూర్చొని ఉండేవాళ్లం, పగిలినవి ఎక్కువ వచ్చినాయంటే ఏమంటారో అని టెన్షన్. పిల్లలం కదా, రెండు గింజలు నోట్లో వేసుకోవాలనిపించేది, అమ్మ కళ్లతోనే వద్దని చెప్పేది.

అట్లని అదంతా ఏడుపే అని నేను అనను. ఆ ఇంటామె రాత్రి సంగటి, ఊరిబిండి పెట్టేది, కడుపునిండా. మా అమ్మ పదిమంది ఆడవాళ్ల మధ్య కూర్చొని గట్టిగా నవ్వడం నేను ఆ వసారాలోనే చూసినాను, ఇంట్లో ఆమెకు అంత తీరిక యాడిది. జూన్‌లో బడి తెరిచేలోపు ఆ కూలితోనే నోటుబుక్కులు, ఒక జత బట్టలు. నా చేతి సంపాదనతో కొనుక్కున్న బుక్కు మీద పేరు రాసుకున్నప్పుడు ఎంత గర్వంగా ఉండిందో ఇప్పటికీ చెప్పలేను.

వాన రాని ఏడు సంగతి కూడా పాపకు చెప్పండి. 2002లో ఎట్లా ఎండిందో ఈడ చాలామందికి గుర్తుంటుంది. ఒలిచిన విత్తనం ఒలిచినట్లే ఉండిపోయింది, కొందరు దాన్నే నూనెకు అమ్ముకున్నారు. మా అమ్మానాన్న బెంగళూరు బస్సెక్కి బిల్డింగు పనికి పోయినారు, మేమిద్దరం అవ్వ దగ్గర. కదిరి చుట్టుపక్కల పల్లెల్లో సగం ఇండ్లకు అప్పుడు తాళాలు. తరువాత మెషిన్లు వచ్చినప్పుడు మంచిదే కదా అని అందరూ అన్నారు, రైతుకు పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఆడవాళ్లకు ఎండాకాలంలో ఉన్న ఆ నాలుగు రూపాయల పని పోయింది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మీరు ఇల్లంతా ఒక పని చుట్టూ కూర్చుంది అన్నారు, ఆ చుట్టూ కూర్చున్న వాళ్లలో కూలివాళ్లు కూడా ఉండి ఉంటారు, వాళ్ల పేర్లు మీ అమ్మగారిని అడిగి చూడండి.

హంద్రీ గట్టు:

మాది పత్తికొండ వైపు. మేమూ బుడ్డలు, అంటే మీ చెనిక్కాయలే, ఒలిచినాము గానీ చిన్నప్పుడు మాకు తొలకరి అంటే ముందు గుర్తొచ్చేది వజ్రాలే. నవ్వొద్దు, నిజం చెప్తున్నా. తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలివానకు పైమన్ను కొట్టుకుపోతే రాళ్లు తేలుతాయి, వాటిలో ఎప్పుడో ఒకసారి ఎవరికో ఒకరికి వజ్రం దొరుకుతుంది. మీ అనంతపురం జిల్లా వజ్రకరూరులో కింబర్లైట్ అనే రాయి ఉంది, భూమి లోతుల్లోంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే రాయి అదే. ఇదంతా మాకు తరువాత తెలిసింది, అప్పుడు తెలిసిందల్లా వాన వెలిసిందంటే బడి సంచి పారేసి చేలమీద పడటమే.

వంగి నడుస్తా ఉండాలి, తడి మట్టిలో ఎండ పడితే ఏదైనా మిణుకుమన్నదంటే గుండె ఝల్లుమనేది. గాజుపెంకులు, పలుగురాళ్లు, అవే జేబునిండా. మా గుంపులో ఎవరికీ ఏమీ దొరకలేదు, అయినా మళ్లీ వాన పడితే మళ్లీ పోయేది. అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి బండలు కూడా మాకు దగ్గరే. పుస్తకంలో అశోకుడి పాఠం వచ్చిన రోజు మా పంతులు "మీరు ఎక్కి దూకే బండ మీద రాసింది ఆయనే" అంటే క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దం. అంతకుముందు ఆ గీతలు ఏ గొర్రెల కాపరో గీకినాడనుకొనేవాళ్లం.

ఇప్పుడు జూన్ వస్తే దూరం నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వచ్చి చెట్ల కింద వంట చేసుకొని మరీ వెతుకుతున్నారు. విత్తిన చేను తొక్కేస్తారని రైతులు అడ్డం నిలబడుతున్నారు, వాళ్లది న్యాయమే. మీ పాపను తీసుకొస్తే విత్తని చేను చూసి, రైతును అడిగి దిగండి. రాయి దొరక్కపోయినా ఫర్వాలేదు, వాన తరువాత ఆ నేల మీద నడవడమే ఆమెకు చాలు.

కాలువగట్టు పిల్లోడు:

సీమ అంటే అందరూ ఎర్రనేల, చెనిక్కాయ, కరువు అనే రాస్తారు, నాకు కొంచెం బాధగా ఉంటుంది. మాది మైదుకూరు దగ్గర, కే.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి నంద్యాల మీదుగా కడప దాకా వచ్చే కాలువ. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, దాన్ని 1882లో ప్రభుత్వం తీసుకొనింది. మా జేజినాయన దాన్ని ఇంట్లో మనిషి గురించి చెప్పినట్లు చెప్పేవాడు. నీళ్లు వదిలినారని కబురొస్తే పిల్లలమంతా గట్టు మీద ఎదురుపోయేది. ముందు ఎండుటాకులు, నురగ, చెత్త తోసుకుంటా ఒక నాలుక మెల్లగా వస్తుంది, దాని ముందర నడుస్తా ఊర్లోకి తీసుకొచ్చేది మేమే అన్నట్లు.

మాకు ఇంటిల్లిపాదీ చేసే పని అంటే పసుపు ఉడకబెట్టేది. తవ్విన కొమ్ములు పెద్ద బానల్లో ఉడికి, కళ్లంలో ఎండాలి, రోజూ తిప్పాలి, మంచు పడుతుందంటే రాత్రి కప్పాలి. మా కాళ్లూ చేతులూ పసుపే, బడిలో పలక మీద పసుపు వేలిముద్రలు. అయ్యవారు ఎవరి పలక ఏదో చూడకుండానే పసుపు రైతుల పిల్లల్ని పట్టేసేవాడు. ఉడికే పసుపు వాసన మొదట బాగుండదు, నాలుగు రోజులకు అది లేకపోతేనే బాగుండదు.

గొర్రు సాలు:

నేను ఇంకా సేద్యం చేస్తున్నవాణ్ణి, ధర్మవరం దగ్గర. అడిగినదానికి నేరుగా చెప్తాను. పూర్తిగా చేతితో ఒలిచేవాళ్లు తక్కువ. సబ్సిడీ విత్తనం 30 కేజీల సంచుల్లో కాయగానే ఇస్తున్నారు, దాన్ని ఇంటికి తెచ్చి మెషిన్‌కు వేసుకుంటారు. ఎకరా, రెండెకరాలు ఉన్నవాళ్లు, గింజ పగిలితే మళ్లీ కొనే స్తోమత లేనివాళ్లు ఇప్పటికీ చేతితోనే ఒలుస్తారు, అడిగితే ప్రతి పల్లెలో ఒకటో రెండో ఇండ్లు దొరుకుతాయి. మీ అవ్వ చెప్పిన ఎర్రపొర మాట నూటికి నూరుపాళ్లు కరెక్టు, మెషిన్‌లో వేసినాక కూర్చొని ఏరే పని ఈరోజుకీ ఉంది, అది ఎక్కువగా ఆడవాళ్లే చేస్తున్నారు. రకాలు కూడా మారినాయి. చాలాకాలం కదిరి-6, ఇప్పుడు కదిరి లేపాక్షి అని ఎత్తుగా పెరిగేది చాలామంది వేస్తున్నారు.

ఒక మాట మాత్రం వినండి, జూన్ మొదటి వారం అని డేటు పెట్టుకోవద్దు. వాన మన డేటుకు రాదు. పదును వచ్చిందంటే జూలై ఆఖరు దాకా కూడా విత్తుతాం, రాకపోతే ఆకాశం చూసుకుంటా కూర్చుంటాం. పాపకు ఒలిచేది ఒక్కటే చూపిస్తే సగం చూపించినట్లు. గొర్రు వెనక ఆడవాళ్లు గింజ వదులుకుంటా నడిచేది చూడాలి, ఇప్పుడు ట్రాక్టర్ ఎక్కువైంది గానీ మా వైపు ఎద్దుల గొర్రు ఇంకా ఉంది. మళ్లీ కాయ పీకేటప్పుడు రండి, అప్పుడు పచ్చికాయ చేనులోనే కాల్చుకొని తినొచ్చు. దారిలో నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ల ఇండ్లు ఉన్నాయి, పిల్లలకు బాగా నచ్చుతుంది, కాసేపు ఆగండి.

ఎర్రనేల:

అందరికీ దండాలు. అన్నీ పాపకు చదివి వినిపించినాను. వజ్రాల దగ్గర రెండుసార్లు చదివించుకొనింది, పసుపు పలక దగ్గర నవ్వింది. కదిరి మల్లె అక్కా, మీరు రాసింది చదివినాక మాత్రం చాలా ప్రశ్నలు వేసింది, సేరుకు ఎంత ఇస్తారు, వాళ్లకు కథలు ఎవరు చెప్పేవాళ్లు అని. నాకు తెలియక అమ్మకు ఫోన్ చేసినాను. మా వాకిట్లో కూర్చొని ఒలిచిన ఆడవాళ్ల పేర్లన్నీ అమ్మ ఆగకుండా చెప్పింది, ఎవరు ఎంత వేగంగా ఒలిచేవాళ్లో కూడా. వాళ్లలో ఒకామె ఇంకా ఊర్లోనే ఉందంట, కంటిచూపు తగ్గింది కానీ మాట గట్టిగానే ఉందని చెప్పింది. మేము వచ్చినప్పుడు ముందు ఆమె ఇంటికే పోతాం, కూలి సంగతి, కథల సంగతి ఆమెనే అడగమని పాపకు చెప్పినాను. ఇప్పటినుంచే ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకుంటోంది.

గొర్రు సాలు అన్నా, మీరన్నట్లే డేటు తీసేసినాము. మీ వైపు పదునువాన పడిన రోజు ఇక్కడ ఒక ముక్క రాయండి, ఆ రాత్రికే బస్సెక్కుతాం.